దస్తావేజుల ఆఫీసులో తెలుగు లినక్స్ పెట్టుకోవడం ఎలా?

అనంతపురంలో మా బంధువుకు దస్తావేజులు రాసే ఆఫీసు ఉంది. అందులో నాలుగు పాత కంప్యూటర్లు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ఆగిపోయింది. ఈ పాతవాటికేమో 11 ఎక్కదు. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేద్దాం, అదీ తెలుగులో అన్నాను. ఏళ్ల తరబడి 'అను' అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో 'యాపిల్' అనే అక్షరాల అమరిక (కీబోర్డు) మీద కొడుతున్న టైపిస్టు, "ఏం నాయనా, నా వేళ్లు మళ్లా బడికి పోవల్లా?" అన్నాడు.

కాబట్టి ముందుగా ఎవరు ఏ కీబోర్డు మీద కొడతారో కాగితం మీద రాసుకోండి. ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేయండి.

తర్వాత లినక్స్‌లో ఒక రకమైన 'లినక్స్ మింట్'లో, పాత కంప్యూటర్లకు సరిపడే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకాన్ని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. 4 జీబీ ర్యామ్ చాలు. హార్డ్‌డిస్కు జోలికి పోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, ప్రింటర్ పనిచేస్తుందో లేదో చూడండి. కొన్ని పాత లేజర్ ప్రింటర్లకు లినక్స్ డ్రైవర్ దొరకదు. దస్తావేజు రాయించుకునే పార్టీలు వచ్చి కూర్చున్నాక ప్రింటు రాకపోతే ఆ టెన్షన్ పడలేం.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు భాష తెలుగు ఎంచుకోండి, కీబోర్డు మాత్రం ఇంగ్లిషే ఉంచండి. నేను రెండూ తెలుగు పెట్టి, నా పాస్‌వర్డే నేను కొట్టలేక అరగంట తిప్పలు పడ్డాను.

ఇక టైపింగ్. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో తెలుగు టైపింగ్‌కు పనికొచ్చే 'ఐబస్', 'ఐబస్ ఎం17ఎన్' వేసుకుని, లాగౌట్ అయి మళ్లీ రండి. ఐబస్ సెట్టింగులలో తెలుగు కింద యాపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ వంటివి కనిపిస్తాయి. పాత టైపిస్టుకు యాపిల్ ఇవ్వండి. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకు ఆర్‌టీఎస్. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇన్‌స్క్రిప్ట్ మేలు: అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. 'క్ర' కావాలంటే కె, డి, జె నొక్కితే సరి.

లిబ్రేఆఫీస్‌లో చాలామంది మరిచిపోయేది ఒకటుంది. ఆప్షన్స్‌లోని లాంగ్వేజ్ సెట్టింగులకు వెళ్లి 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' దగ్గర టిక్ పెట్టి, తెలుగు ఎంచుకోవాలి. తెలుగు అక్షరాల ఫాంటు, సైజు ఇంగ్లిషు వాటితో కలవకుండా విడిగా ఉంటాయి. ఆ సంగతి తెలియకపోతే సైజు ఎంత మార్చినా అక్షరం కదలడం లేదే అని తల పట్టుకుంటారు. ఫాంటుగా మండలి గానీ రామభద్ర గానీ ఉచితంగా దొరుకుతాయి. ఏదైనా సరే, అన్ని కంప్యూటర్లలో అదొక్కటే పెట్టండి. లేకపోతే ఒకచోట రెండు పేజీలకు సరిపోయిన దస్తావేజు ఇంకోచోట మూడో పేజీకి పాకుతుంది.

మెనూల సంగతి వాడేవాళ్లకే వదిలేయండి. 'సేవ్' అలవాటైనవాళ్లకు అదీ తెలుగే.

అసలు చిక్కు పాత అను ఫైళ్లది. అను ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టి నడిపిస్తుంది. ఇప్పుడు అంతటా వాడే యూనికోడ్ పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికి సొంత నంబరుంటుంది. అందుకే ఫాంటు మార్చినంత మాత్రాన ఆ ఫైలు యూనికోడ్‌లోకి రాదు, కన్వర్టర్ కావాలి. నన్నడిగితే, రిజిస్టరైన పాత దస్తావేజులను కదిలించకుండా పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. రోజూ వాడే నమూనాలను మాత్రమే మార్చండి. మార్చాక ఒత్తులు, సర్వే నంబర్లు, చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు) ఇద్దరు కూర్చుని చదవాలి, ఒకరు పైకి, ఒకరు పాత కాగితం చూస్తూ.

మా వాళ్ల ఆఫీసులో మూడు కంప్యూటర్లు లినక్స్‌కు మారాయి. నాలుగోది అను కోసం విండోస్‌తోనే ఉంది. దాని నెట్ వైరు మాత్రం పీకేశాం.