కిట్ కార్‌కు మోత తక్కువ సైలెన్సర్: ఇంట్లోనే ఎలా చేయాలి?

కిట్ కార్ అంటే విడిభాగాలుగా కొని సొంతంగా బిగించుకునే కారు. అలా బిగించుకున్నవాళ్లకు ఈ బాధ తెలుసు. బండి కింద చోటుండదు. సైలెన్సర్ పైపు డ్రైవర్ మోచేతి కిందుగా పోతుంది. ఫైబర్ బాడీలో శబ్దాన్ని ఆపే పొర ఒక్కటీ ఉండదు. గంటసేపు నడిపి దిగాక కూడా చెవుల్లో హోరు పోదు. పొట్టిగా, సన్నగా ఉండే రెడీమేడ్ సైలెన్సర్ ఎంత మెరిసినా దీన్ని తగ్గించలేదు, ఎందుకంటే శబ్దం అణగడానికి కావాల్సిన చోటు దాని పొట్టలో లేదు. ఈ పనిలో నాకు అర్థమైన అసలు సంగతి ఇదే: సైలెన్సర్‌కు పొట్ట పెద్దగా ఉండాలి, గొంతు మాత్రం ఇరుకు కాకూడదు.

వెల్డింగ్ వచ్చినవాళ్లకు ఇది రెండు రోజుల పని. రానివాళ్లు ముక్కలన్నీ కోసి సిద్ధం చేసుకుని, అతికించే పని వెల్డర్‌కు ఇవ్వొచ్చు. మొదలుపెట్టే ముందు మీ బండి రిజిస్ట్రేషన్‌కు శబ్దం పరిమితి ఎన్ని డెసిబెల్సో కనుక్కోండి.

1. మోత ఎక్కడిదో తెలుసుకోండి

నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒక చుట్టు తిరిగితే రెండు సిలిండర్లు ఫైర్ అవుతాయి. 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి 3,000 చుట్లు) అంటే సెకనుకు 50 చుట్లు, అంటే 100 దెబ్బలు. అదే 100 హెర్ట్జ్. 6,000 దగ్గర అది 200 అవుతుంది. గుండెల్లో దబదబలాడే మోత ఇదే. దీని మీద రేకు చింపినట్టు గరగరలాడే సన్న శబ్దం ఇంకొకటి ఉంటుంది.

ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. గరగరను గ్లాస్ ఫైబర్ మింగేస్తుంది. దబదబను అది పెద్దగా పట్టుకోలేదు, దానికి ఖాళీ గది కావాలి. చాలామంది డబ్బా నిండా ఫైబర్ కూరి, ఇంకా మోత ఎందుకు వస్తోందని తల పట్టుకునేది ఇక్కడే. మనం ముందు ఖాళీ గది, దాని వెనక ఫైబర్ గది పెడదాం.

2. కొలతలు

ఉదాహరణకు 1.6 లీటర్ల ఇంజిన్, 50 మి.మీ. పైపు తీసుకుందాం. డబ్బా లోపలి చోటు ఇంజిన్ సైజుకు పది రెట్లు ఉండాలన్నది నేను పాటించే లెక్క, అంటే సుమారు 16 లీటర్లు. 150 మి.మీ. వ్యాసం, 900 మి.మీ. పొడవున్న డబ్బాకు దాదాపు అంత చోటు వస్తుంది. పొడవు కుదరకపోతే 200 మి.మీ. వ్యాసంతో 500 మి.మీ. పొడవు చాలు.

వ్యాసం మీద మాత్రం బేరం పెట్టకండి. 50 మి.మీ. పైపు 150 మి.మీ. గదిలోకి తెరుచుకుంటే అడ్డుకోత వైశాల్యం తొమ్మిది రెట్లవుతుంది. లెక్క ప్రకారం అలాంటి గది గరిష్ఠంగా 13 డెసిబెల్స్ దాకా తగ్గించగలదు. డబ్బా 100 మి.మీ.కి దిగితే వైశాల్యం నాలుగు రెట్లే, తగ్గేది ఆరున్నరే. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి మోత సగమైనట్టు అనిపిస్తుంది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

పైపును మాత్రం సన్నం చేయకండి. 6,000 ఆర్‌పీఎం దగ్గర ఈ పైపులో వేడి గ్యాస్ ఇప్పటికే సెకనుకు 100 మీటర్ల వేగంతో పోతుంటుంది. గొంతు నొక్కితే పవర్ పోతుంది, పైగా గ్యాస్ ఈలవేసే శబ్దం కొత్తగా వచ్చి చేరుతుంది.

900లో ముందు 400 మి.మీ. ఖాళీ గదికి, వెనక 500 ఫైబర్‌కు.

3. సామాను

బయటి డబ్బాకు 1.5 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు. పల్చని రేకు తనే మోగుతుంది. మూతలకు, రెండు గదుల మధ్య గోడకు 3 మి.మీ. రేకు. మామూలు ఇనుము కూడా పనికొస్తుంది కానీ లోపలి నుంచి తుప్పు పడుతుంది. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి, చిన్న చిన్న ట్రిప్పుల్లో ఆ నీళ్లలో కొంత డబ్బాలోనే చేరుతుంది. గాల్వనైజ్డ్ రేకు జోలికి పోవద్దు. వెల్డింగ్ చేస్తే వచ్చే జింక్ పొగ జ్వరం తెప్పిస్తుంది.

ఫైబర్ గది మధ్యగా గ్యాస్‌ను తీసుకుపోయే చిల్లుల పైపుకు 3 మి.మీ. చిల్లులు, 5 మి.మీ. ఎడంతో వరస తప్పించి కొట్టిన రెడీమేడ్ రేకు కొనుక్కోండి. దాని వైశాల్యంలో దాదాపు 33 శాతం చిల్లులే ఉంటాయి. డ్రిల్‌తో మీరే కొట్టాలంటే ఈ అరమీటరు పైపుకు 3,600 చిల్లులు పడతాయి.

ఇవి కాక స్టెయిన్‌లెస్ ఊల్ (సన్నని స్టీల్ పోగుల పీచు), పొడవాటి పోగుల గ్లాస్ ఫైబర్, రబ్బర్ హ్యాంగర్లు, మెలికలు తిరిగే బెలోస్ ముక్క ఒకటి.

4. కోత, అమరిక

రేకును 467 మి.మీ. వెడల్పుకు కోయండి. చుట్టితే బయటి వ్యాసం 150 వస్తుంది. మూతలు, మధ్య గోడ 147 మి.మీ. గుండ్రంగా ఉండాలి. మధ్యలో పైపుకు కోసిన కంత బిగుతుగా పట్టేలా చూసుకోండి.

ఇప్పుడు ముఖ్యమైన కిటుకు. లోపలికి వచ్చే పైపును ముందు మూత దగ్గరే ఆపేయకుండా గదిలోకి 200 మి.మీ. చొప్పించండి. అవతల మధ్య గోడ నుంచి బయటికెళ్లే పైపు కూడా గదిలోకి 100 మి.మీ. పొడుచుకు రావాలి. ఈ ముక్కకు చిల్లులుండకూడదు. రెండు మూతుల మధ్య 100 మి.మీ. ఖాళీ మిగులుతుంది. ఎందుకీ తంటా అంటే, వేడి గ్యాస్‌లో శబ్దం సెకనుకు 500 మీటర్ల దాకా పరిగెడుతుంది. ఆ వేగం దగ్గర 400 మి.మీ. గది 625 హెర్ట్జ్ శబ్దాన్ని, దాని రెట్లనూ ఆపకుండా వదిలేస్తుంది. సగం పొడవు ఒక వైపు, పావు పొడవు మరో వైపు పైపులు లోపలికి జరిపితే ఆ దొంగదారులు చాలావరకు మూసుకుపోతాయి. గ్యాస్ మాత్రం ఒక మూతి నుంచి ఇంకో మూతిలోకి నేరుగా దూకుతుంది.

పైపు పొడుచుకొచ్చినచోట ఊగకుండా మూడు చిన్న రేకు ముక్కలు ఊతంగా పెట్టండి.

5. వెల్డింగ్

చిల్లుల పైపును మధ్య గోడకు అతికించండి, వెనక మూతకు మాత్రం అతికించొద్దు. లోపలి పైపు బయటి డబ్బాకన్నా చాలా వేడెక్కుతుంది. 250 డిగ్రీల తేడాకు అరమీటరు స్టెయిన్‌లెస్ రెండు మి.మీ. సాగుతుంది. వెనక మూతకు కాలర్ (పైపు చుట్టూ పట్టే పొట్టి గొట్టం) వేసి, పైపు అందులో బిగువుగా జారేలా వదలండి. రెండు వైపులా అతికిస్తే అతుకు దగ్గర పగులు వస్తుంది.

ముందు అంతటా టాకాలు వేసి, డబ్బాను బండి కింద పెట్టి చూసుకుని, ఆ తర్వాతే పూర్తి వెల్డింగ్ చేయండి. జిడ్డు తుడవడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడి దాని మీద వెల్డింగ్ చేయడం ప్రాణాల మీదికొస్తుంది, ఫాస్‌జీన్ విషవాయువు పుడుతుంది. టిగ్ వెల్డింగ్‌తో చేస్తుంటే పైపు లోపల కూడా ఆర్గాన్ వాయువు నింపండి. లేకపోతే అతుకు లోపలి వైపు నల్లగా, గరుకుగా మారిపోతుంది.

ఖాళీ గది అడుగున అన్నిటికన్నా పల్లంగా ఉండేచోట 3 మి.మీ. చిల్లు ఒకటి పెట్టండి. నీళ్లు కారిపోవాలి.

6. ఫైబర్ నింపడం

నా మొదటి సైలెన్సర్ పాడైంది ఇక్కడే. పొట్టి పోగుల ఊల్‌ను గుప్పెళ్లతో కూరి మూత పెట్టేశాను. వారం తిరక్కుండా పైపు మూతి చుట్టూ తెల్లటి నూగు కనిపించింది, వేలితో తుడిస్తే గుచ్చుకుంది. నెల గడిచేసరికి మోత మొదటికొచ్చింది. విప్పి చూస్తే చిల్లుల పైపు చుట్టూ సగం ఖాళీ.

మొదట చిల్లుల పైపు చుట్టూ స్టెయిన్‌లెస్ ఊల్ ఒక పొర గట్టిగా చుట్టండి. వేడి గ్యాస్ దెబ్బ నేరుగా ఫైబర్‌కు తగలకుండా ఇది కాపాడుతుంది. దాని మీద పొడవాటి పోగుల ఫైబర్‌ను సమంగా చుట్టుకుంటూ రండి. ఈ గదిలో ఏడున్నర లీటర్ల చోటుంది. లీటరుకు 100 నుంచి 120 గ్రాముల చొప్పున 750 నుంచి 900 గ్రాములు పడుతుంది. తూకం వేసి నింపండి, చేతి అంచనా వద్దు. వదులైతే ఎగిరిపోతుంది, మరీ బిగిస్తే శబ్దం లోపలికి దూరలేదు. మాస్కు, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

వెనక మూతను బోల్టులతో బిగించండి. మళ్లీ విప్పాల్సి వస్తుంది.

7. బండికి బిగించడం

రబ్బర్ హ్యాంగర్లు రెండు చోట్లయినా ఉండాలి, ఇంజిన్ వైపు బెలోస్ ఉండాలి. ఛాసిస్‌కు గట్టిగా బోల్టు వేస్తే ఆ కంపనమంతా ఫ్లోర్ ద్వారా సీట్లోకి వచ్చేస్తుంది. ఫైబర్ బాడీకి, పెట్రోల్ పైపుకు, బ్రేక్ హోస్‌కు దూరం ఉంచి మధ్యలో హీట్ షీల్డ్ వేయండి. పక్కనుంచి పైపు వెళ్లే బండికి కాలు తగిలేచోట కూడా షీల్డ్ కావాలి.

పొగలోని విషాలను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ ఉంటే కదపొద్దు, డబ్బా వాటి తర్వాతే. పైపు మూతి సీట్ల వెనక్కి, బాడీ అంచు దాటి ఉండాలి. టాప్ లేని బండిలో సీట్ల దగ్గర గాలి వెనక నుంచి లోపలికి సుడి తిరుగుతుంది, పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

8. కొలిచి చూడండి

పాత సైలెన్సర్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి. మీటర్‌ను పైపు మూతి ఎత్తులో, అరమీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో పెట్టి, గరిష్ఠ పవర్ వచ్చే ఆర్‌పీఎంలో నాలుగింట మూడొంతుల దగ్గర ఇంజిన్ నిలపండి. ఫోన్ యాప్ చెప్పే అంకె ఖచ్చితం కాదు కానీ ముందూ వెనకా పోల్చుకోవడానికి సరిపోతుంది.

అంతా తగ్గి, ఒక్క 3,000 దగ్గర మాత్రం తల దిమ్మెక్కించే హోరు మిగిలితే దానికి వేరే మందుంది. మెయిన్ పైపుకు పక్కగా, చివర మూసేసిన పైపు ముక్క ఒకటి అతికించండి. శబ్దం అందులోకి వెళ్లి, తిరిగొచ్చి, మెయిన్ పైపులోని అదే శబ్దాన్ని కొట్టేస్తుంది. దాని పొడవు శబ్దం అలలో నాలుగో వంతు ఉండాలి. లోపలి గ్యాస్ 200 డిగ్రీలుంటే 100 హెర్ట్జ్‌కు దాదాపు 1.1 మీటర్లు. నేరుగా పట్టకపోతే మెయిన్ పైపు పక్కనే వంచి తీసుకుపోవచ్చు. మొదట జారే మూత పెట్టి, ముందుకూ వెనక్కూ జరుపుతూ నడిపి చూసి, హోరు పోయినచోట వెల్డ్ చేసేయండి.

మొదటి రోజు కాస్త పొగ, నూనె మాడిన వాసన వస్తాయి. రేకు మీది జిడ్డు కాలిపోయాక ఆగిపోతాయి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ బిగించి, అడుగు చిల్లు పూడుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడండి. తర్వాతెప్పుడైనా గరగర మళ్లీ మొదలైతే వెనక మూత విప్పి ఫైబర్ మార్చుకోండి.