వానాకాలానికి ముందు లేజర్ క్లాడింగ్ షెడ్డులో చూసుకోవలసినవి

తొలకరి పడగానే షెడ్డు పైకప్పు ఎక్కడ కారుతోందో అందరికీ కనిపిస్తుంది. డబ్బాలోని లోహపు పొడికి చెమ్మ పట్టడం మాత్రం ఎవరి కంటా పడదు. అది బయటపడేది పొర వేశాక, ఆ పొరలో సూదిమొనంత రంధ్రాలు తేలాక.

లేజర్ కిరణంతో లోహాన్ని కాస్తంత మేర కరిగించి, ఆ కరుగులోకి ఆర్గాన్‌తో పొడిని ఊదుతూ అరిగిన భాగం మీద వరుసలు వరుసలుగా పొర పేర్చడమే క్లాడింగ్. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ (లోహపు పొడులు, కొత్త పదార్థాల పరిశోధన సంస్థ) పరిశోధకులు లేజర్, కోల్డ్ స్ప్రే (పొడిని కరిగించకుండా వేగంగా ఊది అంటించే) పూతల మీద పనిచేస్తున్నారు. రైల్వే భాగాల మరమ్మతుకు ఈ పద్ధతి బాగా పనికొస్తుంది, అయితే అన్ని భాగాలకూ కాదు.

ముందుగా, ఏ భాగాన్ని ముట్టుకోవచ్చో తేల్చుకోండి. చక్రాల ఇరుసు వస్తే ఆమోదిత విధాన పత్రం చేతికి రానిదే లేజర్ ఆన్ చేయవద్దు. ఇరుసు తిరిగే ప్రతిసారీ దాని ఉపరితలం ఒకసారి సాగుతుంది, ఒకసారి నొక్కుకుంటుంది. వెల్డింగ్ నిప్పు రవ్వ తగిలిన చిన్న మచ్చ చాలు, పగులు మొదలవడానికి. 1842 మే 8న పారిస్ దగ్గర వెర్సాయ్ మార్గంలో ఇంజిన్ ఇరుసు విరిగి పదుల మంది చనిపోయారు. లోహం అలసట గురించిన చదువు రైలు ఇరుసుల దగ్గరే మొదలైంది. షాఫ్టులు, బేరింగ్ కూర్చునే గృహాల వంటి వాటిలోనూ పాత పగులు మీద కొత్త పొర వేయకూడదు. పగులును పూర్తిగా గ్రైండ్ చేసి తీసేసి, పరీక్షించి చూశాకే పొడి పోయాలి. పైన నున్నగా మెరిసే పొర కింద పగులు పెరుగుతూనే ఉంటుంది.

ఆ తర్వాత ఉక్కు రకం చూడండి. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. మామూలు పట్టాల ఉక్కులో కార్బన్ 0.6 నుంచి 0.8 శాతం ఉంటుంది. దాన్ని చల్లగా ఉండగా కరిగిస్తే కరుగు పక్కనున్న ఉక్కు ఒక్కసారిగా చల్లారి గాజులా పెళుసవుతుంది. అందుకే ముందే వేడి చేస్తారు, 300 డిగ్రీలు దాటించడం కూడా మామూలే. పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగుల్లో వాడే పోత మాంగనీస్ ఉక్కుది సరిగ్గా దీనికి ఎదురు స్వభావం. 1882లో షెఫీల్డ్‌లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన ఈ ఉక్కులో మాంగనీస్ సుమారు 12 శాతం ఉంటుంది. దెబ్బలు తినేకొద్దీ ఇది గట్టిపడుతుంది, కానీ 260 డిగ్రీలు దాటి కాసేపు ఉంచితే పెళుసెక్కుతుంది. అందుకే దాన్ని ముందుగా వేడి చేయరు. ఒక వరుస వేసి, చల్లారనిచ్చి, తర్వాతి వరుస వేస్తారు. రెండూ చూపుకు ఒకేలా ఉంటే అయస్కాంతం పెట్టి చూడండి, మాంగనీస్ ఉక్కుకు అది దాదాపు అంటదు. వేడిని, లోహానికి తగిలించి కొలిచే థర్మామీటర్‌తోనే చూడండి. మెరిసే లోహం మీద పరారుణ మీటర్ అసలు వేడికన్నా తక్కువ చూపిస్తుంది.

ఇక చెమ్మ సంగతి. పొడి డబ్బాలను మూత బిగించి, సిలికా జెల్ సంచులు వేసి ఉంచండి. వాడే ముందు తయారీదారు చెప్పిన వేడిలో, చెప్పినంతసేపు ఆరబెట్టండి. నిన్న తొట్టిలో మిగిలిన పొడిని కొత్త డబ్బాలో కలపడం పొదుపులా కనిపిస్తుంది, కానీ దానివల్ల డబ్బా మొత్తం పాడవుతుంది. బ్లాస్టింగ్ చేసిన, అంటే గాలితో గరుకు రేణువులు కొట్టి శుభ్రం చేసిన ఉపరితలాన్ని వానరోజు గంటలకొద్దీ వదిలేయవద్దు, కంటికి కనిపించని తుప్పు పడుతుంది. కంప్రెసర్ గాలిలోని నీరు, నూనె వడపోయకపోతే ఆ బ్లాస్టింగ్ పనే వృథా.

చాలామంది మరిచేది చిల్లర్, అంటే లేజర్‌ను నీటితో చల్లబరిచే యంత్రం. గాలిలోని ఆవిరి నీటిబొట్టుగా మారే ఉష్ణోగ్రత కోస్తాలో జూలై, ఆగస్టుల్లో 25 డిగ్రీల దాకా వెళ్తుంది. చిల్లర్‌ను 20 డిగ్రీల దగ్గర పెడితే లేజర్ తలలోని కటకం మీద చల్లని చెంబుకు పట్టినట్టు చెమట పడుతుంది. ఆ తడి మీద లేజర్ వదిలితే కటకం పగలవచ్చు. చిల్లర్ ఎంతలో ఉండాలో యంత్రం తయారీదారును అడగండి. గదికి ఏసీ, తేమ తీసే యంత్రం ముందే అమర్చండి.

మనుషుల విషయానికి వస్తే, ఫైబర్ లేజర్ తరంగం సుమారు 1070 నానోమీటర్లు. అది కంటికి కనిపించదు, కానీ లోహం మీద తిరిగి కొట్టినా కంటిని పాడుచేస్తుంది. వెల్డింగ్ నల్లద్దాలు సరిపోవు, ఆ తరంగానికి రేటింగ్ ఉన్న కళ్లజోడే కావాలి. సన్నని లోహపు పొడి గాలిలో లేస్తే నిప్పురవ్వకే పేలవచ్చు, అందుకని గాలి ఊది తుడవవద్దు, మామూలు వాక్యూమ్ క్లీనర్ పెట్టవద్దు. అల్యూమినియం, టైటానియం పొడి అంటుకుంటే నీళ్లు పోయకూడదు, తడిలేని ఇసుకా లోహాల మంటలకు చేసిన ఆర్పేదీ దగ్గరుంచండి. నికెల్, క్రోమియం పొగను పీల్చి బయటికి పంపే ఏర్పాటు లేకుండా పనే వద్దు. వెల్డింగ్ పొగను క్యాన్సర్ కారకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2017లోనే వర్గీకరించింది.

పిట్ లైనులో, అంటే బండి కింద పనిచేయడానికి పట్టాల మధ్య ఉండే గుంతలో, ఆర్గాన్‌తో పని పడితే మరింత జాగ్రత్త. గాలికన్నా బరువైన ఆ వాయువు గుంతలో నిండి ఆక్సిజన్‌ను తరిమేస్తుంది, రంగూ వాసనా ఉండవు. ఆక్సిజన్ మీటర్ 19.5 శాతం కన్నా తక్కువ చూపిస్తే పైకి రండి. పైన ఒకరు తోడుండాలి, ఎవరైనా పడిపోతే ఆయన ఒంటరిగా దిగకూడదు.

పొర వేశాక పట్టాల ఉక్కు భాగాన్ని వేడి ఆగే దుప్పటి కప్పి నెమ్మదిగా చల్లార్చండి, కారే కప్పు కింద ఉంచవద్దు. చెమ్మ నుంచి లోహంలోకి చేరే హైడ్రోజన్ వల్ల వచ్చే పగులు వెంటనే కనిపించదు. 48 గంటలు ఆగి అల్ట్రాసోనిక్‌తో, పగుళ్లు చూపే రంగు ద్రవంతో పరీక్షించాకే రిజిస్టరులో సంతకం పెట్టండి. ఆ రెండు రోజులు సరుకు కావాలని ఫోన్లు వస్తూనే ఉంటాయి.