పేరు వెనుక మాట – నాలుగో పాఠం: విలువను పనిగా రాయడం

మొదటి పాఠంలో అనంతపురం పాతూరులో ఒక కట్టె గానుగను ఊహించుకొని, వ్యాపారానికి పేరు, గుర్తింపు కట్టుకోవడం గురించిన ఈ ధారావాహిక పొడవునా దానినే మన నమూనా వ్యాపారంగా పెట్టుకొన్నాం. రెండో పాఠంలో ఆ నూనె కొనేవారెవరో, వారు ఏ నమ్మకంతో ఆ గడప తొక్కుతారో రాసుకొన్నాం. మూడో పాఠం చివర వ్యాపారానికి పెట్టదగిన పది పేర్లు రాయమని అభ్యాసం ఇచ్చాను. ముందు ఆ కాగితం తీయండి.

మీ పది పేర్లలో ఊరి పేరు, సరుకు పేరు తప్ప మరేమీ లేనివాటిని కొట్టివేయండి. ‘అనంతపురం గానుగ నూనె’ అన్న మాట సరుకును వర్ణిస్తుందే తప్ప, దానిని అమ్మే ఒక వ్యాపారిని పక్క వ్యాపారి నుంచి వేరుచేసి చూపదు. సరుకు రకాన్ని, గుణాన్ని, పుట్టిన చోటును మాత్రమే తెలిపే మాటలను నమోదు చేయడానికి 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టంలోని తొమ్మిదో సెక్షన్ సాధారణంగా ఒప్పుకోదు. మిగిలిన పేర్లలో ఒకటి ఎంచుకొని, వంట నూనెలు చేరే 29వ తరగతి కింద దరఖాస్తు చేయండి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ రుసుము తరగతికి 4,500 రూపాయలు. మన రాష్ట్రం చెన్నై కార్యాలయం పరిధిలో ఉంది. దరఖాస్తు ట్రేడ్ మార్కుల పత్రికలో ప్రకటితమైన తరువాత ఇతరులు అభ్యంతరం తెలపడానికి 4 నెలల గడువు ఉంటుంది, నమోదైన పేరు 10 ఏళ్లు చెల్లుతుంది, ఆపైన పునరుద్ధరించుకోవచ్చు. నమోదు కాకముందే పేరు పక్కన వలయంలో ఆర్ అక్షరం వేయడం నేరం కనుక, అంతవరకు టీఎం అన్న రెండక్షరాలతో సరిపెట్టుకోండి. పేరు గురించి ఇంతకుమించి ఆలస్యం చేయవద్దు, ఎందుకంటే అసలు కష్టం ఇక్కడినుంచే మొదలవుతుంది.

పేరు, గుర్తు, రంగు ఖాయమయ్యాక లేబుల్ మీద కొంత ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో చాలామంది ‘నాణ్యత, నమ్మకం, నిజాయితీ’ అని మూడు మాటలు అచ్చు వేయిస్తారు. పొద్దున్నే వచ్చి గానుగలో గింజలు పోసే మనిషికి ఆ మూడింటిలో ఏ మాటా ఏం చేయాలో చెప్పదు. మనకు డబ్బు నష్టమయ్యే రోజున కూడా మన చేతిని పట్టుకొని ఆపగలిగినదే విలువ అని నేను నమ్ముతాను. అందుచేత విలువను ఒంటరి మాటగా రాయడం మానివేసి, క్రియతో ముగిసే పూర్తి వాక్యంగా రాయడం అలవాటు చేసుకోవాలి. ఆ వాక్యంలో నాలుగు సంగతులు తెలియాలి: పరీక్ష ఏ రోజున వస్తుంది, ఆ రోజున మనం ఏం చేస్తాం, దానికి ఎంత ఖర్చవుతుంది, ఆ పని చేసే అధికారం ఎవరిది.

మన గానుగ మీద దీనిని ప్రయోగించి చూద్దాం. ‘కల్తీ చేయం’ అన్నది మొదటి విలువ అనుకోండి. కల్తీ చేయాలన్న ఆలోచన మామూలు రోజుల్లో ఎవరికీ రాదు. సీమలో మనం చెనిక్కాయలనీ బుడ్డలనీ పిలుచుకొనే వేరుశనగ వాన లేక ఎండిపోయిన ఏడాదిలో, గింజల ధర వారం వారం పెరుగుతున్నప్పుడు, పాత ధరకే నూనె కావాలని ఖాతాదారు పట్టుబట్టినప్పుడు వస్తుంది. లెక్క వేయండి. కట్టె గానుగలో లీటరు నూనె దిగడానికి సుమారు రెండున్నర కిలోల గింజలు పడతాయి. గింజల ధర కిలోకు 20 రూపాయలు పెరిగితే, నూనె తీశాక మిగిలే పిప్పి, అంటే చెక్క మీద వచ్చే డబ్బు పక్కన పెడితే, లీటరు మీద 50 రూపాయల భారం పడుతుంది. ఆ 50 రూపాయలను ఎవరు మోయాలి? వ్యాపారి మోయలేడు, ఖాతాదారును అడగడానికి మొహమాటపడతాడు, అప్పుడు చవక నూనె డబ్బా వైపు చూపు పోతుంది. చెడ్డవారు మాత్రమే కల్తీ చేస్తారని అనుకోవడం పొరపాటు. ధర పెంచుతున్నామని ముఖం మీద చెప్పలేని మంచివారు కూడా ఆ దారిన పోతారు.

కాబట్టి మొదటి వాక్యాన్ని ఇలా రాద్దాం: ‘గింజల ధర కిలోకు 20 రూపాయలు పెరిగిన మరుసటి రోజే లీటరు ధరను 50 రూపాయలు పెంచి, ఆనాటి గింజల ధరతో సహా కొట్టు ముందు బోర్డు మీద రాస్తాం, ఆ ధరకు కొనేవారు లేకపోతే ఆ వారం గానుగ ఆపుతాం.’ ఇందులో పరీక్ష రోజు ఉంది, పని ఉంది, ఖర్చు ఉంది. అధికారం యజమానిది. గానుగ ఆపిన వారం కూలీలకు ఏమిస్తారో కూడా ఈ వాక్యం కిందనే రాయండి, ఎందుకంటే అది రాయకపోతే మన నిజాయితీకి మూల్యం వారు చెల్లిస్తారు.

రెండో విలువ కొలత. పెద్ద కుటుంబాలు, పెళ్లిళ్లవారు నూనెను డబ్బా లెక్కన కొంటారు. డబ్బా అంటే 15 కిలోలని కొనేవారు అనుకొంటారు, అమ్మేవారు కొన్నిసార్లు 15 లీటర్లు పోసి ఇస్తారు. లీటరు వేరుశనగ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది గనుక, 15 లీటర్లు 13 కిలోల 650 గ్రాములే అవుతాయి. తేడా కిలో 350 గ్రాములు. లేబుల్ మీద లీటర్లని ఉంటే చట్టం తప్పు పట్టకపోవచ్చు, కానీ ఇంటికి వెళ్లి తూకం వేసిన మనిషి మరోసారి రాడు. వేడికి నూనె వ్యాకోచిస్తుంది కాబట్టి, ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర కొలిచి పోస్తే అదే లీటరులో బరువు తగ్గుతుంది. ఈ కారణంగానే ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా నికర పరిమాణాన్ని, దానితోపాటు బరువును కూడా ముద్రించమని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో నూనె తయారీదారులకు సూచించింది. మన వాక్యం చిన్నది: ‘డబ్బా మీద లీటర్లూ కిలోలూ రెండూ ఒకే సైజు అంకెలతో వేస్తాం, అడిగినవారికి కొట్టులోనే తూచి చూపిస్తాం.’

మూడో విలువ అధికారానికి సంబంధించినది. దీనిని నేను నష్టపోయి నేర్చుకొన్నాను గనుక కొంచెం వివరంగా చెబుతాను.

నేను చిన్న గానుగ నడిపిన రోజుల్లో, ఒక శ్రావణమాసంలో పెళ్లివారు 40 లీటర్ల నూనె అడిగారు. గింజల సంచులను గోడకు ఆనించి ఉంచాం, వానకు ఆ గోడ చెమ్మగిల్లి అడుగు సంచులు తడిశాయి. గింజలు ఏరే అక్క ఒక గింజను గోటితో చీల్చి చూస్తే రెండు బద్దల మధ్య పచ్చటి పొడి కనిపించింది. ఆమె దానిని అరచేతిలో పెట్టుకొని గానుగ దగ్గరి కుర్రాడికి చూపించింది. ‘అన్న వచ్చినాక అడుగుదాంలే అక్కా’ అన్నాడతను. నేను వసూళ్లకు వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేసరికి మంచి గింజలూ చెడిన గింజలూ కలిసి నూనె అయిపోయాయి. ఆ గింజ నా చేతికి వచ్చేదాకా ఆమె కొంగుముడిలోనే ఉంది.

ఆ పచ్చటి బూజును సామాన్యమైనదిగా తీసుకోరాదు. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం వేరుశనగ మీద పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయానికి హాని చేస్తుంది, మామూలు వంట వేడికి పూర్తిగా నశించదు, శుద్ధి చేయని గానుగ నూనెలోకి కొంత దిగుతుంది, ఎక్కువ భాగం చెక్కలో మిగులుతుంది, ఆ చెక్క తిన్న పశువు పాలలోకి కూడా చేరుతుంది. పంట చివరి దశలో బెట్ట తగిలితే చేనులోనే ఈ శిలీంధ్రం సోకే ప్రమాదం పెరుగుతుంది కనుక మన జిల్లావారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కాయల్లో తేమ 8 శాతానికి దిగేదాకా ఆరబెట్టి, సంచులను నేలకూ గోడకూ తగలకుండా చెక్క పలకల మీద పేర్చడం దీనికి మొదటి రక్షణ. ఆ నూనెను నేను పెళ్లివారికి పంపలేదు, మరొక గానుగలో ఎక్కువ ధరకు కొని ఇచ్చాను, చెక్కను కూడా అమ్మనీయలేదు.

డబ్బు పోయినందుకు నేను బాధపడలేదు. గోటితో గింజ చీల్చి చూడగలిగిన మనిషి మా కొట్టులో ఉండి కూడా, గానుగ ఆపే హక్కు ఆమెకు లేకపోవడం నన్ను చాలా కాలం వెంటాడింది. పైగా ఆమెకు ఏరిన కిలోల లెక్కన కూలి ఇచ్చేవాడిని. నెమ్మదిగా ఏరితే కూలి తగ్గుతుంది. నోటితో శ్రద్ధగా ఏరమని చెబుతూ, చేతితో తొందరపడమని డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. మీ వ్యాపారంలో ఏ విలువకు మీ కూలి పద్ధతి అడ్డుపడుతోందో వెతకండి, ఈ పాఠంలో అన్నింటికన్నా ఎక్కువ సమయం దానికే కేటాయించండి. మా వాక్యం ఆ తరువాత ఇలా మారింది: ‘బూజు పట్టిన గింజను చూసినవారు ఎవరైనా ఎవరినీ అడగకుండా మోటారు ఆపవచ్చు, ఏరేవారికి రోజు కూలి ఇస్తాం, ఆపిన రోజు కూలి తగ్గదు.’

పెద్ద సంస్థల్లోనూ ఇదే వరుస కనిపిస్తుంది. అమెరికాలోని జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థకు 1943లో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఒక పేజీ విలువల పత్రం రాశారు. తమ తొలి బాధ్యత వైద్యులు, నర్సులు, తల్లులు సహా తమ సరుకులు వాడేవారందరి పట్ల అని అది మొదలవుతుంది. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో ఆ సంస్థ అమ్మే టైలెనాల్ అనే నొప్పి మందు గుళికల్లో సయనైడ్ కలపగా ఏడుగురు మరణించారు. తప్పు తమ కర్మాగారంలో జరగకపోయినా, ఆ సంస్థ దేశమంతటి నుంచి దాదాపు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కి తీసుకొంది, అందుకు 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది, ఆపైన ఎవరైనా తెరిస్తే తెలిసిపోయే ముద్రలతో మందును మళ్లీ అమ్మకానికి తెచ్చింది. అదే సంస్థ తరువాతి కాలంలో టాల్కం పౌడరు విషయమై వేలాది వ్యాజ్యాలను ఎదుర్కొంది. కాబట్టి ఒకనాడు నిలబెట్టుకొన్న మాట మరొకనాటికి జమ కాదు, ప్రతి సరుకుకూ పరీక్ష విడిగా వస్తుంది.

ఇప్పుడు లేబుల్ దగ్గరకు తిరిగి వెళ్దాం. వాక్యాలు రాశాక గుర్తింపు దానంతటదే ఆకారం తీసుకోవడం మీరు గమనిస్తారు. మన గానుగ డబ్బా మీద అన్నింటికంటే పెద్దగా కనిపించవలసింది నూనె ఆడించిన తేదీ, దాని కింద బరువు, ఆ తరువాత గింజలు కొన్న ఊరు. ఊరి పేరు వేయాలంటే కొన్న రోజే ప్రతి సంచికీ చీటీ కట్టాలి. చీటీ కట్టడం కుదరకపోతే ఊరి పేరు వేయకండి. ఎద్దు బొమ్మ కూడా అంతే. మోటారుతో తిరిగే గానుగకు ఎద్దు బొమ్మ వేయడం నాకు సమ్మతం కాదు. గుండెకు హాయి, కొలెస్ట్రాల్‌తో పోరాడుతుంది వంటి మాటలను వంట నూనె డబ్బాల మీద వాడరాదని ఆహార భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. ధ్రువీకరణ లేకుండా సేంద్రియం అని రాయడం కూడా కుదరదు.

నూనెతో సంబంధం లేనివారికి ఒక మాట. ధర్మవరం చేనేత పట్టు చీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లేలా చేసే చట్టపరమైన నమోదు ఉంది. చీరల కొట్టు నడిపేవారు ‘అసలైన ధర్మవరం’ అని బోర్డు రాసే ముందు, పట్టు అచ్చమైనదేనా, నేసింది చేతి మగ్గం మీదేనా అన్న రెండు ప్రశ్నలను విడదీయాలి. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ పట్టు స్వచ్ఛతను మాత్రమే తెలుపుతుంది, మరమగ్గం మీద నేసిన అచ్చమైన పట్టు చీరకు కూడా అది ఉండవచ్చు. చేతి మగ్గం మీద నేశారని తెలిపేది 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్. మొదటి గుర్తు చూపించి రెండోది కూడా ఉందన్న భ్రమ కలిగించడం అబద్ధం చెప్పకుండానే చేసే మోసం. మీ వాక్యం అక్కడినుంచి మొదలుపెట్టండి: ‘మరమగ్గం చీరను వేరే అరలో పెట్టి, అడగకముందే చెబుతాం.’

అభ్యాసానికి వారం రోజులు తీసుకోండి. గడిచిన ఏడాదిలో మీరు మాట తప్పిన సందర్భాలు మూడు గుర్తు తెచ్చుకొని, ప్రతి దాని కింద ఆ రోజున ఎంత డబ్బు ఆదా అయిందో అంకెల్లో రాయండి. అదే మీ విలువ ఖరీదు. తరువాత ఒక్కో సందర్భానికి ఒక్కో వాక్యం రాసి, మీ దగ్గర పనిచేసేవారిలో అందరికంటే తక్కువ జీతం ఉన్నవారికి చదివి వినిపించి, ‘ఇది జరిగిన రోజున నువ్వేం చేస్తావు?’ అని అడగండి. వారు ‘మిమ్మల్ని అడుగుతాను’ అంటే వాక్యాన్ని తిరిగి రాయాలి. ఆ సమాధానాలను వారి మాటల్లోనే రాసి పెట్టుకోండి, ఐదో పాఠంలో ఫిర్యాదుల పుస్తకాన్ని వాటితోనే ప్రారంభిస్తాం.