డెల్టా హెచ్ లెక్క ఎలా వేయాలి, మైనస్ ప్లస్ తారుమారు కాకుండా

డెల్టా హెచ్ అంటే ఒక రసాయన చర్యలో మొత్తం మీద ఎంత వేడి బయటికొచ్చింది లేదా లోపలికి పోయింది అన్న లెక్క. బాండ్ (అణువులో పరమాణువుల్ని కలిపి ఉంచే బంధం) తెగితే ఎనర్జీ బయటికొస్తుంది అని బుర్రలో ఉంటే ముందు అది తీసేయండి, ఈ చాప్టర్‌లో సగం తప్పులు అక్కడే పుడతాయి. బాండ్ తెంచాలంటే ఎనర్జీ మనం పెట్టాలి, కొత్త బాండ్ ఏర్పడినప్పుడే అది బయటికొస్తుంది. (కణాలకి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువులో బాండ్ తెగి శక్తి వస్తుందని బయాలజీలో అలవాటుగా అనేస్తారు, అక్కడ కూడా తర్వాత కొత్తగా ఏర్పడేవాటి వల్లే వచ్చేది.)

కాబట్టి ఇదంతా జమాఖర్చు లెక్కే. తెంచడానికి అయిన ఖర్చులోంచి ఏర్పడినప్పుడు వచ్చిన జమ తీసేయండి, మిగిలింది డెల్టా హెచ్. మైనస్ అయితే ఉష్ణమోచక చర్య (వేడి బయటికిచ్చేది), ప్లస్ అయితే ఉష్ణగ్రాహక చర్య (వేడి లోపలికి తీసుకునేది), అంతే.

మీథేన్ మండటం తీసుకుందాం. మొదట ఈక్వేషన్ బ్యాలెన్స్ చేయండి: ఒక మీథేన్, రెండు ఆక్సిజన్ కలిస్తే ఒక కార్బన్ డయాక్సైడ్, రెండు నీళ్లు. తర్వాత ప్రతి అణువుకీ బొమ్మ గీయండి, ప్లీజ్, బద్ధకించొద్దు, ఎందుకంటే నీటి అణువులో రెండు బాండ్లు ఉన్నాయని అందరికీ తెలుసు గానీ అణువులు రెండు కాబట్టి మొత్తం నాలుగు అన్నది హడావిడిలో మర్చిపోతాం, నేనైతే చాలాసార్లు మర్చిపోయాను.

ఖర్చు: కార్బన్-హైడ్రోజన్ బాండ్లు 4, ఒక్కోటి మోల్‌కి (మోల్ అంటే డజను లాగా అణువుల్ని లెక్కపెట్టే ఓ పెద్ద కట్ట) 413 కిలోజౌల్స్, మొత్తం 1652. ఆక్సిజన్ డబుల్ బాండ్లు 2, ఒక్కోటి 498, అంటే 996. కలిపితే 2648.

జమ: కార్బన్ డయాక్సైడ్‌లో డబుల్ బాండ్లు 2, ఒక్కోటి 799, అది 1598. నీళ్లలో ఆక్సిజన్-హైడ్రోజన్ బాండ్లు 4, ఒక్కోటి 463, అది 1852. కలిపితే 3450.

2648 లోంచి 3450 తీసేస్తే మైనస్ 802, మోల్ మీథేన్‌కి.

ఇప్పుడు టెక్స్ట్‌బుక్ తీస్తే మైనస్ 890 కనిపిస్తుంది, కంగారు పడకండి, మీ లెక్క తప్పు కాదు. బాండ్ ఎనర్జీలు గ్యాస్‌లకే పనికొస్తాయి కాబట్టి మనకొచ్చిన నీళ్లు ఆవిరి రూపంలో ఉన్నట్టు, ఆ ఆవిరి చల్లబడి నీరైతే మోల్‌కి ఇంకో 44 చొప్పున వస్తుంది, రెండు మోల్స్ కాబట్టి 88, తేడా అదే. ఇంకోటి, 413 లాంటివి రకరకాల అణువుల మీద తీసిన సగటు విలువలు, అందుకే ఒక్కో పుస్తకంలో కాస్త అటూ ఇటూ ఉంటాయి, ఒకే టేబుల్ పట్టుకుని చేయండి.

మరి ఇంత వేడి వచ్చేదైతే గ్యాస్ దానంతటదే ఎందుకు అంటుకోదు? జమ తర్వాత వస్తుంది, ముందు కొంత ఖర్చు ఎవరో ఒకరు పెట్టాలిగా, అగ్గిపుల్ల చేసేది అదే పని, దాన్నే ఉత్తేజిత శక్తి అంటారు.

ఇంకోటి మీరే చేసి చూడండి: నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి రెండు నైట్రిక్ ఆక్సైడ్ అణువులు. నైట్రోజన్ ట్రిపుల్ బాండ్ 945, ఆక్సిజన్ 498, నైట్రిక్ ఆక్సైడ్‌లో బాండ్ 631. ప్లస్ 181 రావాలి. ఆ 945 చూశారా, గాలిలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నా మెరుపో, ఇంజిన్ లోపలి మంటో తగిలితే తప్ప కలవకపోవడానికి ముఖ్య కారణం అదే.