నెల షీట్ల టోటల్స్ అన్నీ ఒకే ఫార్ములాతో

ఎక్సెల్‌లో నెలకో షీట్ పెట్టి కొట్టు లెక్కలు రాసుకుని, సమ్మరీ షీట్‌లో ఒక్కో నెలకీ విడిగా లింక్ ఇచ్చుకుంటూ కూర్చునేవాళ్లు ఇండైరెక్ట్ ఫార్ములా (టెక్స్ట్‌గా రాసిన సెల్ అడ్రస్ చూసి, ఆ సెల్‌లో ఉన్నది తెచ్చేది) వాడి చూడండి. ప్రతి నెల షీట్‌లోనూ టోటల్ బి1 సెల్‌లో ఉందనుకుంటే, సమ్మరీ షీట్ ఎ కాలమ్‌లో ఎ2 నుంచి షీట్ల పేర్లు రాసి, పక్క సెల్‌లో =ఇండైరెక్ట్("'"&ఎ2&"'!బి1") అని ఇచ్చి (కొట్టేది ఇంగ్లీషు అక్షరాల్లోనే లెండి) కిందికి లాగితే డిసెంబర్ దాకా టోటల్స్ వాటంతట అవే వచ్చేస్తాయి. ఎక్సెల్, గూగుల్ షీట్స్ రెండిట్లోనూ ఇంతే.

ఆ సింగిల్ కోట్స్ మాత్రం వదిలేయకండి, షీట్ పేరు మధ్యలో స్పేస్ ఉంటే అవి లేకపోతే ఎక్సెల్‌లో రెఫ్ ఎర్రర్ (#REF!, అంటే ఆ సెల్ దొరకలేదని) వస్తుంది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అదే గొడవ.

ఇంకోటి, ఇక్కడ బి1 అన్నది ఉత్త టెక్స్ట్ కాబట్టి, మధ్యలో వరస ఇన్సర్ట్ చేస్తే మామూలు లింక్‌లా దానంతట అది మారదు, అందుకే నెల టోటల్‌ని అడుగున కాకుండా షీట్ పైనే, బి1లో పెట్టుకోండి.