ఎయిర్ రైఫిల్ నేర్చుకుందాం – 5: ముందు కాలు, ఆ తర్వాతే క్లిక్కు

ఈసారి ట్రిగ్గర్ గురించి చెప్తానని మాట ఇచ్చాను. అది ఆరో పాఠానికి వాయిదా వేస్తున్నాను. నాలుగో పాఠం చదివి మీరు పంపిన టార్గెట్ కార్డులు చూశాక ముందుకు వెళ్లాలనిపించలేదు. రేర్ సైట్ (కంటికి దగ్గరగా ఉండే గురి పరికరం) క్లిక్కులు, అంటే దాని నాబ్ తిరిగే ఒక్కో మెట్టు, ఎలా తిప్పాలో పోయినసారి రాశాను. ఎప్పుడు తిప్పకూడదో గట్టిగా రాయలేదు. దాని ఫలితం మీ కార్డుల మీద కనిపించింది. షాట్ కుడివైపు పడితే రెండు క్లిక్కులు, తర్వాతిది ఎడమవైపు పడితే మళ్లీ వెనక్కి మూడు. అలా పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ కాల్చే చిన్న గుండు) వెనకాలే సైట్‌ను పరుగెత్తించారు. ఒకరు 40 షాట్లలో 31 సార్లు సైట్ ముట్టుకున్నానని నిజాయితీగా రాశారు. ఆ లెక్క రాసినందుకు వారికి నా ధన్యవాదాలు. ఈ పాఠం అంతా ఆ లెక్క నుంచే పుట్టింది.

మొదట మన కొలతలు గుర్తు చేసుకుందాం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పదో రింగు అంటే కేవలం అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే చాలు, పది వస్తుంది. అంటే పెల్లెట్ కేంద్రం టార్గెట్ కేంద్రం నుంచి రెండున్నర మిల్లీమీటర్ల దాకా పక్కకి జరిగినా పదే. ఆ పదినే మళ్లీ 10.0 నుంచి 10.9 దాకా దశాంశాల్లో లెక్కిస్తారు, ప్రతి 0.1 పాయింటుకి పావు మిల్లీమీటరు తేడా. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్లో అభినవ్ బింద్రా ఆఖరి షాట్ 10.8. పెల్లెట్ కేంద్రం దాదాపు అర మిల్లీమీటరు లోపల పడిందన్నమాట. ఇంత చిన్న దూరాల ఆటలో నిలబడిన మనిషి శరీరం ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ మధ్య ఎంత కదులుతుందో ఆలోచించండి. ఒక్క షాట్ చూసి సైట్ తప్పా, మీరు తప్పా అని ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను.

అందుకని నియమం: అయిదు షాట్లు పడేదాకా సైట్ మీద చెయ్యి వెయ్యకూడదు. అయిదూ దగ్గరగా గుంపుగా పడి, ఆ గుంపు మధ్యలో కాకుండా పక్కన ఉంటే, అప్పుడే సైట్ సంగతి చూడాలి. గుంపు విడిపోయి ఉంటే సైట్‌కి దానితో సంబంధం లేదు.

విజయవాడ నుంచి ఒక అమ్మాయి పంపిన కార్డులు తీసుకుందాం. మొదటి కార్డులో అయిదూ పదికి ఆనుకుని ఉన్నాయి. రెండో కార్డులో అయిదూ కుడివైపు తొమ్మిదిలోకి జరిగాయి. ఆమె నాలుగు క్లిక్కులు తిప్పింది, మూడో కార్డు బాగుంది. నాలుగో కార్డులో మళ్లీ కుడివైపే. మళ్లీ తిప్పింది. చివరికి కాసేపు కూర్చుని, నీళ్లు తాగి, లేచి కొత్తగా నిలబడి కాల్చేసరికి అన్నీ ఎడమవైపు ఎనిమిదిలో పడ్డాయి. రైఫిల్ పాడైందేమో అని ఆమెకి టెన్షన్ పట్టుకుంది. రైఫిల్‌కి ఏమీ కాలేదు. అలసట వచ్చేకొద్దీ ఆమె నడుము కుడివైపు తిరుగుతూ వచ్చింది. క్లిక్కులు ఆ తిరుగుడుని కప్పిపెట్టాయి. కొత్తగా సరిగ్గా నిలబడగానే, కప్పిపెట్టినదంతా ఎడమవైపు బయటపడింది.

దీనికి మందు సహజ గురి. అంటే కండరాలతో తోయకుండా రైఫిల్ దానంతట అది ఎటు చూస్తుందో ఆ దిక్కు. చూసుకునే పద్ధతి ఇది. పొజిషన్‌లో నిలబడి, ఫ్రంట్ సైట్ (రైఫిల్ మూతి దగ్గర ఉండే గురి పరికరం) రింగులో టార్గెట్ మీది నల్ల మచ్చను కూర్చోబెట్టండి. కళ్లు మూసుకోండి. రెండుసార్లు మామూలుగా ఊపిరి పీల్చి వదలండి. భుజాలు వదులు చెయ్యండి. కళ్లు తెరవండి. రింగు మచ్చ మీదే ఉంటే మీ పొజిషన్ సరిగ్గా ఉన్నట్టు. మచ్చకి కుడివైపు ఉంటే చేతులతో ఎడమకి లాగకండి. కుడిచేతి వాటం వాళ్లయితే కుడి పాదాన్ని కొద్దిగా ముందుకి, అంటే మీ కాలివేళ్లు చూసే వైపుకి జరపండి. రింగు ఎడమవైపు ఉంటే అదే పాదాన్ని వెనక్కి. బొటనవేలి మందం జరిపితే చాలు, అంతకు మించి వద్దు. పైకీ కిందికీ తేడా వస్తే ఎడమచేతిని చూసుకోవాలి. చెయ్యి కొంచెం మీ వైపుకి తెస్తే రైఫిల్ మూతి లేస్తుంది, ముందుకి జరిపితే దిగుతుంది. మళ్లీ కళ్లు మూసి పరీక్ష. ఎడమచేతి వాటం వాళ్లు పాదం లెక్క తిరగేసుకోండి.

ఇది మొదటి షాట్‌కి ముందు ఒక్కసారి చేసి వదిలేసే పని కాదు. నేను ప్రతి పది షాట్లకి ఒకసారి చేస్తాను. పోటీలో 60 షాట్లకి 75 నిమిషాలు ఇస్తారు కాబట్టి సమయం సరిపోతుంది. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్ క్వాలిఫికేషన్‌లో 600కి 598 కొట్టారు. అరవయ్యో షాట్‌కి కూడా మొదటి షాట్ నాటి పొజిషన్ ఉంటే తప్ప ఆ అంకె రాదు.

ఇక నన్ను బాగా బాధపెట్టిన విషయం, సైట్ మీది అక్షరాలు. సగం మంది ఇక్కడే దెబ్బతిన్నారు. కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాను, ఓపిగ్గా చదవండి. ఫైన్‌వెర్క్‌బావ్, వాల్టర్, అన్షుట్జ్ లాంటి జర్మన్ కంపెనీల సైట్ల మీద అక్షరాలు జర్మన్ మాటల్లోంచి వచ్చినవి. హెచ్ అంటే హోఖ్, అంటే ఎత్తు. టీ అంటే టీఫ్, అంటే లోతు. ఎల్ ఎడమ, ఆర్ కుడి. ఆ అక్షరాలు పెల్లెట్ ఎటు వెళ్లాలో చెప్పవు. ఇప్పటికే ఎటు పడిందో చెప్తాయి. షాట్లు ఎత్తులో పడుతున్నాయా, హెచ్ వైపు తిప్పండి, కిందికి దిగుతాయి. కుడివైపు పడుతున్నాయా, ఆర్ వైపు తిప్పండి, ఎడమకి వస్తాయి. టెలిస్కోపు సైట్ అలవాటున్న వాళ్లకి ఇది పూర్తిగా వ్యతిరేకం. అక్కడ ఆర్ అంటే షాట్ కుడికి వెళ్తుంది. డల్లాస్ నుంచి రాసే ఒకాయనకి స్కోపు ఉన్న రైఫిల్ పదేళ్లుగా అలవాటు. ఆయన డయాప్టర్ సైట్‌ను, అంటే మన రేర్ సైట్‌నే, సరిచేసిన ప్రతిసారీ తప్పు రెట్టింపయింది. ఎల్, ఆర్ ఇంగ్లీషులోనూ ఎడమ, కుడి కావడంతో అనుమానం కూడా రాలేదు.

అక్షరాలను నమ్మకండి, పెల్లెట్‌ను నమ్మండి. సహజ గురి సరిచూసుకుని అయిదు షాట్లు కాల్చండి. ఒకే దిక్కుకి 20 క్లిక్కులు తిప్పండి. మరో అయిదు కాల్చండి. రెండు గుంపుల మధ్య దూరం స్కేలుతో కొలవండి. 6 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, ఒక క్లిక్కు 0.3 మిల్లీమీటర్లు. ఆ అంకె, ఏ దిక్కు తిప్పితే ఎటు జరిగింది అన్న సంగతి నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకోండి. నేను నాబ్ మీద తెల్ల నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకుంటాను, ఎక్కడ మొదలుపెట్టానో మరచిపోకుండా. ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి వచ్చి ఆపుతాను. వెనక్కి రావాల్సి వస్తే నాలుగు క్లిక్కులు దాటించి మళ్లీ తిరిగి వస్తాను. మరలో ఉండే కొద్దిపాటి వదులు దీంతో పోతుంది.

చిన్న జవాబులు రెండు. షాట్లు నెమ్మదిగా కిందికి జారుతున్నాయని రాసినవారు రైఫిల్ గాలి సిలిండర్ గేజ్ చూసుకోండి. 200 బార్ ఒత్తిడి దాకా నింపిన గాలి అయిపోవస్తే ఏ క్లిక్కూ కాపాడదు. సిలిండర్ మీద ముద్రించిన గడువు తేదీ కూడా చూడండి, అది దాటితే వాడకూడదు. ఇంకా శక్తివంతమైన రైఫిల్ కొంటే స్కోరు పెరుగుతుందా అని అడిగారు. పెరగదు. మ్యాచ్ రైఫిల్ అర గ్రాము పెల్లెట్‌ను సెకనుకి సుమారు 170 మీటర్ల వేగంతో పంపుతుంది, శక్తి 8 జౌల్స్ లోపే. పది మీటర్లకి అది చాలు. పిట్టల వేటకి పనికొస్తుందా అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు ఒక్కటే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న దేశంలో నేను ఆ పాఠం చెప్పను. మీరూ ఆ పని చెయ్యకండి.

ఇప్పుడు సాధన. రెండు వారాలు పడుతుంది. మొదటి వారం పెల్లెట్ లేదు. రైఫిల్‌ను డ్రై ఫైర్ (పెల్లెట్ కాల్చకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేసే అమరిక) మీద పెట్టి, గోడ మీద అతికించిన కార్డు వైపు రోజూ 40 సార్లు గురి చూడాలి. ప్రతిసారీ కళ్లు మూసి తెరవాలి, రింగు ఎటు జరిగిందో పెన్సిల్‌తో రాయాలి. ట్రిగ్గర్ నొక్కినా నొక్కకపోయినా పర్వాలేదు. రెండో వారం ఆరు రోజులు, రోజుకి 60 షాట్లు కాగితం కార్డుల మీదే. ఎలక్ట్రానిక్ టార్గెట్ ఉన్నా ఇప్పుడు వద్దు, ప్రతి షాట్‌కీ తెర మీద దశాంశం కనిపిస్తే చెయ్యి సైట్ మీదికి పోతుంది. మొదటి రోజు మొదటి పది షాట్ల తర్వాత ఒక్కసారి సైట్ సరిచేసుకోవచ్చు. ఆ తర్వాత ఆరు రోజులూ ముట్టుకోకూడదు, గుంపు ఎనిమిదిలో పడినా సరే. పాదం జరిపిన ప్రతిసారీ ఎన్నో షాట్ దగ్గర, ఎటు జరిపారో కార్డు వెనక రాయండి. ఆ కార్డులు పారేయకండి. ట్రిగ్గర్ పాఠం మొదలుపెట్టేటప్పుడు మొదటి రోజు, ఆరో రోజు కార్డులు పక్కపక్కన పెట్టుకుని కూర్చోవాలి.