సాం పోల్ ద వాన్స్: చిత్రకారుల కొండ ఊరిని ఎలా చూడాలి

ఫ్రాన్స్ దక్షిణ తీరాన, నీస్ నగరానికి దగ్గర్లో ఉందీ ఊరు. కోట గోడల లోపల ఈ కొస నుంచి ఆ కొసకు పావుగంట నడక. అందుకే చాలామంది గంటలో చుట్టేసి, చూడాల్సినవి చూడకుండానే వెళ్లిపోతారు. కనీసం అరపూట కేటాయించండి.

నీస్‌లో రైలెక్కి కాన్య సుర్ మేర్ స్టేషన్‌లో దిగాలి, సుమారు పావుగంట ప్రయాణం. సినిమా పండుగ జరిగే కాన్ వేరే ఊరు. అదీ ఇదే లైన్లో ముందుకెళ్తే వస్తుంది కాబట్టి, టికెట్ మీద పేరు పూర్తిగా చదువుకోండి. కాన్య సుర్ మేర్ నుంచి వాన్స్ వైపు వెళ్లే బస్సు ఎక్కాలి. సాం పోల్ కొండ దగ్గర దిగగానే తిరుగు బస్సుల వేళలు ఫొటో తీసుకోండి.

పదింటికల్లా టూరిస్టు బస్సులు వచ్చేస్తాయి, ఇరుకు సందుల్లో కాలు కదపలేరు. తొమ్మిదికే గోడల లోపల ఉండేలా చూసుకోండి. దారులన్నీ గులకరాళ్లను పువ్వుల్లా పేర్చి వేసినవి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ తడిస్తే జారతాయి. మడమల చెప్పులు వద్దు, పట్టున్న బూట్లే వేసుకోండి.

ఉత్తర ద్వారం దాటగానే అందరూ నేరుగా పెద్దవీధి పడతారు. మీరు కుడివైపు తిరిగి గోడ వెంబడి దక్షిణం కొసకు వెళ్లండి. ఈ గోడలు 1540లలో మొదటి ఫ్రాంస్వా రాజు కట్టించినవి. ఆ కొసన, గోడ బయట శ్మశానంలో చిత్రకారుడు మార్క్ షగాల్ సమాధి ఉంది. 1966 నుంచి 1985లో కన్నుమూసేదాకా ఆయన ఇక్కడే ఉన్నారు. ఏ ఆడంబరమూ లేని రాతిపలక, దానిమీద వచ్చినవాళ్లు ఉంచిన గులకరాళ్లు. అది యూదుల ఆచారం. పూలు తేలేదని బాధపడక్కర్లేదు, ఒక రాయి ఉంచితే చాలు. తిరిగొచ్చేటప్పుడు పెద్దవీధిలో 1850 నాటి ఫౌంటెన్ దగ్గర కాసేపు ఆగండి.

గ్యాలరీల్లో లితోగ్రాఫ్ (రాతిపలక మీద గీసి అచ్చు తీసే బొమ్మ) కొనే ముందు భూతద్దం అడగండి. వరసగా, ఒకే పద్ధతిలో పేర్చిన రంగు చుక్కలు కనబడితే అది ఆఫ్‌సెట్ ప్రింటు, అంటే పోస్టరు ధర వస్తువు. అంచున పెన్సిల్‌తో 12/75 (మొత్తం 75 ప్రతుల్లో 12వది) లాంటి అంకె, సంతకం ఉన్నాయేమో చూడండి. సంతకం కూడా బొమ్మతోపాటే అచ్చయి ఉంటే ధర చాలా తక్కువ ఉండాలి. కాగితం మీద రాసిచ్చిన వివరాలు లేకుండా డబ్బు కట్టొద్దు.

ద్వారం బయటి కొలొంబ్ డోర్ హోటల్ గోడల మీద గొప్పవాళ్ల చిత్రాలున్నాయి, కానీ అది మ్యూజియం కాదు. అక్కడ భోజనం చేసేవారికీ బస చేసేవారికే చూసే వీలు. ముందుగా టేబుల్ చెప్పుకోకపోతే గుమ్మంలోంచే వెనక్కి రావాలి.

మిగతా సమయమంతా ఆధునిక కళల మ్యూజియం మాగ్ ఫౌండేషన్‌కి ఇవ్వండి. ఊరి నుంచి ఎక్కుడు దారిలో పావుగంట నడక. 1964లో తెరిచిన ఈ భవనానికి ఆర్కిటెక్ట్ హోసెప్ సెర్ట్. పైకప్పు వంపుల్లోంచి పగటి వెలుతురే లోపలి బొమ్మల మీద పడుతుంది కాబట్టి చీకటి పడకముందే చేరాలి. రెండు గంటలైనా కావాలి. అందులో సగం, తోటలో చిత్రకారుడు మీరో శిల్పాలున్న చిక్కుదారులకే పడుతుంది.